100 ఎంబీపీఎస్ ప్లాన్ ఉన్నా వీడియో కాల్ ఎందుకు ఆగిపోతుంది? స్పీడ్ టెస్ట్‌లో మనం పట్టించుకోని నంబర్ ఇదే

మూడేళ్ల క్రితం సంగతి. అక్క పెళ్లయిన వారానికి నాకు ఒక కంపెనీ ఫైనల్ రౌండ్ వీడియో ఇంటర్వ్యూ పడింది. అప్పుడు ఊళ్లో ఇంట్లోనే ఉన్నా. ముందు రోజు రాత్రి స్పీడ్ టెస్ట్ చేస్తే 48 ఎంబీపీఎస్ వచ్చింది. 50 ప్లాన్‌కి 48 అంటే బ్రహ్మాండం కదా, ఇంకేం టెన్షన్ లేదనుకున్నా.

ఇంటర్వ్యూ మొదలైన పది నిమిషాలకి నా గొంతు అవతలికి ముక్కలు ముక్కలుగా వెళ్లడం మొదలైంది. నేను చెప్పిన జవాబు వాళ్లకి రెండు సెకన్ల తర్వాత వినిపిస్తోంది. ఈలోపు వాళ్లు ఇంకో ప్రశ్న అడిగేస్తున్నారు. చివరికి వీడియో ఆపేసి ఆడియోలో లాగించాం. తర్వాత రిజెక్ట్ మెయిల్ వచ్చింది. పూర్తిగా నెట్ వల్లే పోయిందని చెప్పను, ఒకట్రెండు ప్రశ్నలకి నా జవాబులు కూడా గొప్పగా లేవు. కానీ ఆ రోజు నాకు సరైన ఛాన్స్ దొరకలేదని మాత్రం చెప్పగలను.

నాన్న ఊరుకోలేదు. కేబుల్ ఆఫీస్‌కి ఫోన్ చేసి ప్లాన్‌ని 50 నుంచి 100కి పెంచారు. వారం తర్వాత ఫ్రెండ్‌తో కాల్ మాట్లాడుతుంటే మళ్లీ అదే కథ. డబ్బులు పెరిగాయి, స్పీడ్ పెరిగింది, ప్రాబ్లమ్ మాత్రం అక్కడే ఉంది.

అసలు దొంగ ఎవరంటే, హాల్లో ఛార్జింగ్‌కి పెట్టిన అమ్మ ఫోన్. పెళ్లి ఫోటోలు, వీడియోలు అన్నీ క్లౌడ్‌కి బ్యాకప్ అవుతున్నాయి. ఒక ఫోన్ అప్‌లోడ్ చేస్తే ఇంట్లో అందరి నెట్ ఎందుకు చచ్చిపోవాలి? ఈ ప్రశ్నకి జవాబు నేను బీటెక్ మూడో సంవత్సరంలో కంప్యూటర్ నెట్‌వర్క్స్ సబ్జెక్ట్‌లో చదివాను, పరీక్షలో రాశాను, మర్చిపోయాను. ఆ జవాబు పేరు బఫర్‌బ్లోట్. ఫ్రెండ్స్, ఈ ఆర్టికల్‌లో అదేంటో, మీ ఇంట్లో ఉందో లేదో ఎలా చెక్ చేసుకోవాలో, ఎలా తగ్గించుకోవాలో చూద్దాం.

స్పీడ్ వేరు, ఆలస్యం వేరు

మనం స్పీడ్ అని పిలిచేది నిజానికి బ్యాండ్‌విడ్త్. అంటే సెకనుకి ఎంత డేటా వెళ్లగలదు అని. ఒక ప్యాకెట్ వెళ్లి జవాబు తిరిగి రావడానికి ఎంత టైమ్ పట్టింది అనేది లేటెన్సీ. గేమర్లు పింగ్ అనేది దీన్నే.

పంతంగి టోల్‌ప్లాజా గుర్తు తెచ్చుకోండి. ఎన్ని లేన్లు ఉన్నాయి అనేది బ్యాండ్‌విడ్త్. మీ కారు దాటడానికి ఎంతసేపు పట్టింది అనేది లేటెన్సీ. మామూలు రోజుల్లో నిమిషంలో దాటేస్తాం. సంక్రాంతికి అవే లేన్లు, అదే రోడ్డు, కానీ కిలోమీటర్ల కొద్దీ క్యూ. లేన్లు తగ్గలేదు, టోల్ వాళ్లు గంటకి పంపే కార్లు కూడా తగ్గలేదు. నిజానికి ఆ రోజే ఎక్కువ కార్లు దాటతాయి. మీ కారు మాత్రం క్యూలో ఉంది.

స్పీడ్ టెస్ట్ చేసేది గంటకి ఎన్ని కార్లు దాటాయో లెక్కపెట్టడం. క్యూలో మీరెంతసేపు నిలబడ్డారో ఆ పెద్ద నంబర్‌లో కనిపించదు.

వీడియో కాల్‌కి నిజంగా కావాల్సింది 2 నుంచి 4 ఎంబీపీఎస్. ఆన్‌లైన్ గేమ్‌కి అంత కూడా అక్కర్లేదు, చిన్న చిన్న ప్యాకెట్లే వెళ్తాయి. కానీ అవి టైమ్‌కి వెళ్లాలి. వాయిస్ కాల్‌లో ఒక వైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే మంచిదని ఐటీయూ ప్రమాణం చెబుతుంది. అది దాటుతున్న కొద్దీ ఒకరి మాట మీద ఒకరు మాట్లాడటం మొదలవుతుంది.

ఇందులో దూరం వల్ల వచ్చే ఆలస్యం ఎంతో చూద్దాం. ఫైబర్‌లో కాంతి సెకనుకి దాదాపు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. హైదరాబాద్ నుంచి ముంబైకి కేబుల్ దారి 1000 కిలోమీటర్లు అనుకున్నా, వెళ్లి రావడానికి 10 మిల్లీసెకన్లే. మరి మీ కాల్‌లో 1000 మిల్లీసెకన్ల ఆలస్యం ఎక్కడి నుంచి వచ్చింది? చాలాసార్లు దారిలో కాదు, మీ ఇంట్లోనే ఉంటుంది.

క్యూ లెక్క, కాగితం మీద

మీ ఫోన్ నుంచి రూటర్‌కి వైఫైలో డేటా 200, 300 ఎంబీపీఎస్‌తో కూడా రావచ్చు. రూటర్ లేదా మోడెమ్ నుంచి బయటికి వెళ్లే అప్‌లోడ్ లైన్ మాత్రం 10 ఎంబీపీఎస్ అనుకోండి. వచ్చేది ఎక్కువ, పోయేది తక్కువ. మిగిలిన ప్యాకెట్లు ఒక మెమరీలో వరుసగా నిలబడతాయి. ఆ మెమరీనే బఫర్ అంటారు.

చాలాకాలం లినక్స్‌లో ఈథర్నెట్ క్యూ డీఫాల్ట్‌గా 1000 ప్యాకెట్లు. ఒక పెద్ద ప్యాకెట్ 1500 బైట్లు. అంటే క్యూ నిండితే 15 లక్షల బైట్లు, బిట్లలో 1.2 కోట్లు. దీన్ని వేర్వేరు లైన్ల మీద ఖాళీ చేయడానికి పట్టే టైమ్ చూడండి.

1 జీబీపీఎస్ లైన్ మీద: 12 మిల్లీసెకన్లు.
100 ఎంబీపీఎస్ మీద: 120 మిల్లీసెకన్లు.
10 ఎంబీపీఎస్ మీద: 1200 మిల్లీసెకన్లు, అంటే 1.2 సెకన్లు.

అదే బఫర్, ఒక చోట ఎవరికీ తెలియనంత చిన్నది, ఇంకో చోట కాల్‌ని చంపేసేంత పెద్దది. అమ్మ ఫోన్ ఆ క్యూని నింపేసింది. నా గొంతు మోసుకెళ్లే చిన్న ప్యాకెట్ వెళ్లి ఆ 1000 ప్యాకెట్ల వెనక నిలబడింది.

నాన్న ప్లాన్ పెంచినా ఎందుకు పని చేయలేదో కూడా ఇక్కడే తెలుస్తుంది. 50 నుంచి 100కి పెరిగింది డౌన్‌లోడ్. అప్‌లోడ్ అదే 10 దగ్గర ఆగి ఉంది. ఫైబర్ ప్లాన్లలో రెండు వైపులా ఒకే స్పీడ్ ఇచ్చేవి ఉన్నాయి కానీ కేబుల్ మీద, 5జీ హోమ్ ఇంటర్నెట్ మీద అప్‌లోడ్ చాలా తక్కువగా ఉండటం మామూలే. ఇంకో విషయం, డౌన్‌లోడ్ చేసేటప్పుడు కూడా "అందింది, ఇంకా పంపు" అనే చిన్న రసీదు ప్యాకెట్లు పైకి వెళ్తుంటాయి. అప్‌లోడ్ క్యూ జామ్ అయితే ఆ రసీదులూ ఇరుక్కుంటాయి. అందుకే అప్‌లోడ్ జామ్ అయితే డౌన్‌లోడ్ కూడా పడిపోయినట్టు అనిపిస్తుంది.

క్యూ నిండే దాకా ఎందుకు ఆగదు?

ఇక్కడ ఎవరికైనా డౌట్ వస్తుంది. పంపేవాడు కొంచెం తగ్గించి పంపొచ్చు కదా? తగ్గించాలనే టీసీపీ ప్రోటోకాల్‌లో రూల్ ఉంది. ఆ రూల్ వెనక ఒక కథ కూడా ఉంది.

1986 అక్టోబర్‌లో అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కి, పక్కనే ఉన్న యూసీ బర్క్‌లీకి మధ్య నెట్ ఒక్కసారిగా కూలిపోయింది. రెండింటి మధ్య దూరం 400 గజాలే. 32 కేబీపీఎస్ వెళ్లాల్సిన చోట 40 బీపీఎస్ వెళ్లింది, అంటే 800 రెట్లు తక్కువ. కారణం ఏంటంటే, ప్యాకెట్ పోయిందనుకుని ప్రతి కంప్యూటర్ మళ్లీ మళ్లీ పంపింది. అలా పంపిన కొద్దీ జామ్ పెరిగింది, జామ్ పెరిగిన కొద్దీ ఇంకా పంపారు. దీన్ని కంజెషన్ కొలాప్స్ అంటారు.

ఆ ల్యాబ్‌లోనే పనిచేస్తున్న వాన్ జేకబ్సన్, మైకేల్ కారెల్స్‌తో కలిసి 1988లో దీనికి పరిష్కారం రాశారు. ఐడియా సింపుల్. మొదట కొంచెం పంపు. రసీదులు వస్తుంటే పెంచుతూ పో. ఒక ప్యాకెట్ పోయిందంటే దారిలో ఎక్కడో క్యూ నిండి పొర్లింది అని అర్థం, వెంటనే తగ్గించు. కొంచెంసేపయ్యాక మళ్లీ మెల్లగా పెంచు. 2006 నుంచి లినక్స్‌లో డీఫాల్ట్‌గా ఉన్న క్యూబిక్ లెక్క వేరుగా ఉన్నా, ప్యాకెట్ పోతేనే తగ్గాలి అనే మూలసూత్రం అదే.

ఇప్పుడు మెలిక చూడండి. టీసీపీకి బ్రేక్ వేసేది పోయిన ప్యాకెట్. మధ్యలో మెమరీ చవకయింది. ప్యాకెట్ పోగొట్టడం తప్పు అనే ఆలోచనతో పరికరాల తయారీదారులు బఫర్లు పెద్దవి చేస్తూ వెళ్లారు. బఫర్ పెద్దదైతే ప్యాకెట్ పోదు. ప్యాకెట్ పోకపోతే టీసీపీకి జామ్ అయిందని తెలియదు. తెలియదు కాబట్టి ఇంకా పెంచుతుంది. ప్యాకెట్‌ని కాపాడబోయి మొత్తం లైన్‌ని పాడుచేసుకున్నాం అన్నమాట.

2010లో బెల్ ల్యాబ్స్‌లో పనిచేస్తున్న జిమ్ గెటిస్ తన ఇంట్లోనే దీన్ని పట్టుకున్నారు. పెద్ద ఫైళ్లు కాపీ చేస్తుంటే పింగ్ సెకను దాటిపోయింది. ఆయన మామూలు యూజర్ కాదు, ఎక్స్ విండో సిస్టమ్ తయారు చేసినవాళ్లలో ఒకరు. అందుకే నెట్ స్లో అని ఊరుకోకుండా ప్యాకెట్లు విడివిడిగా చూశారు. ఉబ్బిపోయిన బఫర్ అనే అర్థంలో బఫర్‌బ్లోట్ అనే పేరు పెట్టింది ఆయనే.

ఎంటెక్ సిలబస్‌లోని రెండు లైన్లు

నెట్‌వర్క్ పెర్ఫార్మెన్స్ అనాలిసిస్ అని ఎంటెక్‌లో ఒక సబ్జెక్ట్ ఉంటుంది. భయపెట్టే లెక్కలు చాలా ఉంటాయి కానీ మన పనికి రెండు చాలు.

మొదటిది లిటిల్స్ లా. జాన్ లిటిల్ 1961లో దీన్ని నిరూపించారు. క్యూలో సగటున ఉన్నవాళ్ల సంఖ్య = సగటున వచ్చే వేగం × సగటున ఒక్కొక్కరు ఉండే సమయం. తిప్పి రాస్తే, మీరు ఎదురుచూసే సమయం = క్యూ పొడవు ÷ వేగం. పైన మనం చేసిన 1.2 సెకన్ల లెక్క కూడా ఇదే కోవలోది. ఆలస్యం తగ్గాలంటే దారులు రెండే. వేగం పెంచాలి, లేదా క్యూ తగ్గించాలి. ఇంటర్నెట్ కంపెనీలు మనకి అమ్మేది మొదటిది. రెండోది దాదాపు ఫ్రీ.

రెండోది క్యూలకి సంబంధించిన సింపుల్ మోడల్, ఎం/ఎం/1 అంటారు. ప్యాకెట్లు ఒక పద్ధతి లేకుండా వస్తుంటే, లైన్ సగం బిజీగా ఉన్నప్పుడు మొత్తం పట్టే టైమ్ ఖాళీ లైన్‌కి 2 రెట్లు. 90 శాతం బిజీగా ఉంటే 10 రెట్లు. 99 శాతం అయితే 100 రెట్లు. చివరి కొంచెం స్పీడ్ పిండుకోవాలని చూస్తే ఆలస్యం కొండెక్కుతుంది. ఈ ఒక్క విషయం గుర్తుంచుకోండి, కింద ఫిక్స్ చేసేటప్పుడు పనికొస్తుంది.

మందు ఏంటి?

2012లో క్యాథలీన్ నికోల్స్, మళ్లీ అదే వాన్ జేకబ్సన్ కలిసి కోడెల్ అనే పద్ధతి తెచ్చారు. ఇది క్యూ ఎంత పొడవుంది అని చూడదు. ప్యాకెట్ క్యూలో ఎంతసేపు నిలబడింది అని చూస్తుంది. క్షణకాలం క్యూ పెరిగితే పర్లేదు, వదిలేస్తుంది. 100 మిల్లీసెకన్ల పాటు ప్రతి ప్యాకెట్ 5 మిల్లీసెకన్లకన్నా ఎక్కువే ఆగుతోందంటే, కావాలనే ఒక ప్యాకెట్‌ని పడేస్తుంది. టీసీపీకి సిగ్నల్ అందుతుంది, తగ్గుతుంది.

దీనికి ఇంకో తెలివి కలిపితే ఎఫ్‌క్యూ కోడెల్. అందరినీ ఒకే వరుసలో నిలబెట్టకుండా ప్రతి కనెక్షన్‌కీ విడి క్యూ పెట్టి వంతులవారీగా పంపుతుంది. బ్యాకప్‌కి ఒక వరుస, నా కాల్‌కి ఒక వరుస. కాల్ వరుసలో ఒకటో రెండో ప్యాకెట్లే ఉంటాయి కాబట్టి వెంటనే వెళ్లిపోతాయి. ఇది 2012లోనే లినక్స్ కెర్నల్‌లో చేరింది. 2018లో దీని మెరుగైన రూపం కేక్ వచ్చింది. ఈ పనిని ముందుండి నడిపినవాళ్లలో డేవ్ టాట్ ఒకరు, 2025లో చనిపోయారు. కోడ్ అంతా ఫ్రీ, ఎవరైనా వాడుకోవచ్చు. అయినా ఇప్పటికీ చాలా ఇళ్లలో ఇది ఆన్ అయి ఉండదు.

మీ ఇంట్లో ఉందా? ఐదు నిమిషాల టెస్ట్

1. ఫోన్‌లో నెట్‌ఫ్లిక్స్ వాళ్ల ఫాస్ట్ డాట్ కామ్ ఓపెన్ చేయండి. స్పీడ్ వచ్చాక వివరాలు చూపించే బటన్ నొక్కితే లేటెన్సీ రెండు రకాలుగా కనిపిస్తుంది, ఖాళీగా ఉన్నప్పుడు, లోడ్ ఉన్నప్పుడు. ఊక్లా స్పీడ్‌టెస్ట్ యాప్‌లో అయితే మామూలు పింగ్ పక్కనే డౌన్‌లోడ్, అప్‌లోడ్ జరిగేటప్పటి పింగ్‌లు కూడా ఉంటాయి.

2. గ్రేడ్ కావాలంటే వేవ్‌ఫామ్ వాళ్ల బఫర్‌బ్లోట్ టెస్ట్ ఉంది. మార్కుల లిస్ట్‌లా ఏ ప్లస్ నుంచి ఎఫ్ దాకా ఇస్తుంది.

3. మ్యాక్ ఉంటే టెర్మినల్‌లో నెట్‌వర్క్‌క్వాలిటీ అనే కమాండ్ ఉంది, 2021లో మాంటెరేతో వచ్చింది. అది ఆర్‌పీఎం ఇస్తుంది. బైక్ ఆర్‌పీఎం కాదు, నిమిషానికి ఎన్ని రౌండ్ ట్రిప్పులు అని. 1000 మిల్లీసెకన్ల లేటెన్సీ అంటే 60 ఆర్‌పీఎం, 50 మిల్లీసెకన్లు అంటే 1200. ఎక్కువ ఉంటే మంచిది.

ఎలా అర్థం చేసుకోవాలి? ఖాళీగా ఉన్నప్పుడు, లోడ్ ఉన్నప్పుడు, ఈ రెండింటి తేడా చూడండి. తేడా 30 మిల్లీసెకన్ల లోపైతే హ్యాపీగా ఉండండి. 100 దాటితే గేమ్‌లో తెలుస్తుంది. 300 దాటితే కాల్స్ పాడవుతాయి. మా ఇంట్లో ఖాళీగా 12, అప్‌లోడ్ జరిగేటప్పుడు 900 పైన.

ఒక జాగ్రత్త. టెస్ట్ ఒకసారి వైఫై మీద, ఒకసారి ల్యాన్ కేబుల్ పెట్టి చేయండి. కేబుల్ మీద బాగుండి వైఫై మీదే పాడైతే మీ సమస్య వైఫైది, కింది పద్ధతులు పెద్దగా పనిచేయవు. ముందు రూటర్ ప్లేస్ మార్చండి, 5 గిగాహెర్ట్జ్‌కి మారండి.

ఫిక్స్ ఎలా? ఖర్చు లేనిదాంతో మొదలుపెడదాం

మొదట దొంగని పట్టుకోండి. ఫోటో బ్యాకప్, క్లౌడ్ డ్రైవ్ సింక్, అప్‌లోడ్‌లో ఉన్న టొరెంట్, సీసీ కెమెరా. ఇంటర్వ్యూ లేదా మ్యాచ్ ఉన్న గంట సేపు ఇంట్లో అందరి ఫోన్లలో బ్యాకప్ పాజ్ చేయండి. డెస్క్‌టాప్ సింక్ యాప్‌లలో అప్‌లోడ్ లిమిట్ పెట్టే ఆప్షన్ ఉంటే వాడండి.

తర్వాత మీ రూటర్ సెట్టింగ్స్‌లో ఎస్‌క్యూఎం, స్మార్ట్ క్యూ, కేక్, ఎఫ్‌క్యూ కోడెల్ ఇలాంటి పేర్లు ఉన్నాయేమో చూడండి. ఉంటే ఆన్ చేసి, అప్‌లోడ్, డౌన్‌లోడ్ లిమిట్లను మీకు నిజంగా వచ్చే స్పీడ్‌లో 85 నుంచి 95 శాతం మధ్య పెట్టండి. కావాలని స్పీడ్ తగ్గించుకోవడం ఏంటి అంటారా? క్యూ ఎప్పుడూ అన్నిటికన్నా సన్నని చోటే ఏర్పడుతుంది. మీ రూటర్ కొంచెం తక్కువ పంపితే, క్యూ మోడెమ్‌లో కాకుండా రూటర్‌లో ఏర్పడుతుంది. అక్కడ దాన్ని సర్దే తెలివి ఉంది. ఇందాక చెప్పిన 99 శాతం, 90 శాతం లెక్క గుర్తుంది కదా.

కంపెనీ ఇచ్చిన బాక్స్‌లో ఈ ఆప్షన్ లేకపోతే, దాని వెనక ఓపెన్‌వర్ట్ సపోర్ట్ చేసే సొంత రూటర్ పెట్టుకోవచ్చు. కొనేముందు ఆ మోడల్ ఓపెన్‌వర్ట్ లిస్ట్‌లో ఉందో లేదో చూసుకోండి. ఈ పనికి రూటర్ ప్రాసెసర్ మీద లోడ్ పడుతుంది. చవక రూటర్ 500 ఎంబీపీఎస్ లైన్‌ని ఎస్‌క్యూఎంతో లాగలేక స్పీడ్ సగానికి పడేయొచ్చు. గేమింగ్ రూటర్ అని ఎర్ర లైట్లు, ఎనిమిది యాంటెన్నాలు చూసి మోసపోవద్దు. స్పెక్ షీట్‌లో క్యూ మేనేజ్‌మెంట్ గురించి ఏముందో చూడండి.

5జీ, 4జీ హోమ్ కనెక్షన్ల మీద ఇది కొంచెం కష్టం. అక్కడ స్పీడ్ నిమిషానికోలా మారుతుంది, ఒకే లిమిట్ కుదరదు. సాయంత్రం వచ్చే తక్కువ స్పీడ్ చూసి దాని ప్రకారం పెట్టుకోవడమే ప్రస్తుతానికి దారి.

ముందు ముందు ఏం మారుతుంది?

గూగుల్ 2016లో బీబీఆర్ అనే పద్ధతి తెచ్చింది. అది ప్యాకెట్ పోయేదాకా ఆగకుండా లైన్ వేగాన్ని, ఆలస్యాన్ని కొలుస్తూ పంపుతుంది. 2023లో ఎల్4ఎస్ ప్రమాణాలు వచ్చాయి. ఇందులో క్యూ మొదలవుతుండగానే ప్యాకెట్ మీద గుర్తు వేసి పంపేవాడికి చెబుతారు, పడేయాల్సిన పని లేదు. కానీ ఇది పనిచేయాలంటే యాప్, సర్వర్, మధ్యలో సన్నగా ఉన్న చోటి పరికరం, అన్నీ సపోర్ట్ చేయాలి.

ఇక మా ఇంటి సంగతి. పాత రూటర్‌లో ఓపెన్‌వర్ట్ ఎక్కించి, అప్‌లోడ్‌ని 9 ఎంబీపీఎస్‌కి కట్టి కేక్ ఆన్ చేశా. బ్యాకప్ నడుస్తుండగానే పింగ్ 900 నుంచి 20ల్లోకి వచ్చింది. రూపాయి ఖర్చు కాలేదు. ఆ తర్వాత ఇచ్చిన ఇంటర్వ్యూల్లో ఒకటి క్లియర్ అయింది, అప్పుడు కూడా అమ్మ ఫోన్ హాల్లో ఛార్జింగ్‌లోనే ఉంది. ప్లాన్‌ని మళ్లీ 50కి తగ్గించమని నాన్నకి చెప్పా. ఆయన మాత్రం ఇంకా 100 వల్లే బాగైందని నమ్ముతున్నారు.

కాబట్టి నెట్ లాగ్ అవుతోందని కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ప్లాన్ పెంచమనే ముందు, ఒక్కసారి లోడ్ ఉన్నప్పటి పింగ్ చూడండి. మీకు కావాల్సింది ఇంకో లేన్ కాకపోవచ్చు, క్యూని సరిగ్గా నడిపే మనిషే కావచ్చు.